దిబ్బ నుంచి చేనుకు

పశువుల ఎరువు ఒక్క పంటతో అయిపోయేది కాదు. మట్టిలో మెల్లగా కరుగుతూ రెండు మూడేళ్లు పైరుకు బలమిస్తుంది. అందుకే పొలానికి మొదటిసారి పేడ మోసిన మనిషి, మరుసటేడూ అదే నేల దున్నుతానని నమ్మినవాడే అయి ఉంటాడు.

ఆ మనిషి జాడ మాడిన గింజల్లో దొరికింది. పేడలోని తేలిక నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతే, బరువైన నత్రజని-15 పాలు పెరుగుతుంది. ఆ ఎరువుతో పెరిగిన గింజలోనూ అది ఎక్కువగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు ఏమీ బోగార్డ్ బృందం ఐరోపాలోని 13 నవీన శిలాయుగ స్థలాల గింజలను పరీక్షించింది. సుమారు 8 వేల ఏళ్ల కిందటే అక్కడ చేలకు పశువుల ఎరువు వేశారని 2013లో ప్రకటించింది.

దక్కనులో నవీన శిలాయుగపు పశుపోషణకు సాక్ష్యం బూడిద దిబ్బలు. పాలమూరు ప్రాంతంలోని ఊట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వకాలు జరిపితే దడి గుంజలు పాతిన గుంతలు, పొరల్లో గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. పేరుకున్న పేడను అక్కడే మళ్లీ మళ్లీ కాల్చారు. దొడ్డి ఒకచోటే నిలిస్తే పేడ దిబ్బవుతుంది. దొడ్డినే చేలో తిప్పితే ఎరువవుతుంది. మన పల్లెల్లో గొర్రెల మంద కట్టించడం ఇదే. ఈ రాత్రి ఒక మడిలో, రేపు పక్క మడిలో. తెల్లారేసరికి పెంటికలు, మూత్రం బండి ఖర్చు లేకుండా నేలకు చేరతాయి.

తర్వాత ఈ తెలివి గ్రంథాలకెక్కింది. క్రీ.పూ. రెండో శతాబ్దంలో రోమన్ రచయిత కేటో పెంటకుప్పను పెద్దదిగా ఉంచుకొమ్మన్నాడు. పచ్చిరొట్టగా పనికొచ్చే పంటల పేర్లూ చెప్పాడు. మాఘంలో పెంట తవ్వి ఎండబెట్టాలని, ఫాల్గుణంలో చేలో గుంతలు తీసి వేయాలని, విత్తే వేళ చల్లాలని మన ‘కృషి పరాశరం’ నెలల వారీగా చెప్పింది. సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ మాంసం, కొవ్వు ఉడికించి పులియబెట్టిన కుణపజలాన్ని చెట్లకు పోయమంది. తెలుగు రైతు వేసవిలో చెరువు ఎండగానే పూడిక మట్టిని బండ్లకెత్తాడు. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ ఆ మట్టి పొలాలకు చేరింది.

ఇన్ని వేల ఏళ్లలో పద్ధతులు మారినా, వాటి వెనకున్న నమ్మకం ఒక్కటే. వచ్చే ఏడు ఈ చేను తనకుంటుందో లేదో తెలియని కౌలు రైతు బండ్ల కొద్దీ పెంట ఎందుకు తోలుతాడు? నేల బాగుపడాలంటే, దాన్ని దున్నేవాడికి ముందు అక్కడ నిలకడ దొరకాలి.