శాసన మండలి కూర్పు – భద్రాచల సీమ

శాసన సభలో గిరిజనులకు ప్రత్యేకింపబడిన స్థానములు కలవు. శాసన మండలిలో లేవు. రాజ్యాంగపు 332వ అధికరణము సభకు మాత్రమే వర్తించును. మండలి కూర్పును నిర్దేశించు 171వ అధికరణమున అట్టి నియమము కానరాదు. కోయలు, కొండరెడ్లు నివసించు ఖమ్మము–భద్రాచలము అడవి సరిహద్దున ఈ భేదము ఎట్టి ఫలితము నిచ్చినదో ఇచట పరిశీలింతుము.

ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958 జూలై 1న 90 స్థానములతో ఏర్పడెను. అందు శాసన సభ్యు లెన్నుకొనువారు 31, స్థానిక సంస్థలవారు 31, పట్టభద్రుల ప్రతినిధులు 8, ఉపాధ్యాయుల ప్రతినిధులు 8, గవర్నరు నియమించువారు 12. నాడు భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లాలోనివి. 1959లో అవి ఖమ్మము జిల్లాలో చేరినవి. 1985 జూన్ 1న రద్దయిన మండలి 2007లో పునరుద్ధరింపబడినది. 2014లో రాష్ట్ర విభజనముతో తెలంగాణ మండలికి 40 స్థానములు వచ్చినవి. ఆ యేడే పోలవరము ప్రాజెక్టు కొరకై చింతూరు, కూనవరము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమున కలిసినవి. ఆ విధముగా ఒకే అడవిలోని ఓటర్లు రెండు రాష్ట్రముల శాసన మండలులకు పంచబడిరి.

అయినను ఈ సీమకు మండలితో సంబంధము లేకపోలేదు. 1996నాటి పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూలు ప్రాంతపు పంచాయతీలలో సగమునకు తక్కువ కాకుండ స్థానములను, అధ్యక్ష పదవుల నన్నింటిని గిరిజనులకు ప్రత్యేకించినది. ఇట్లు గెలిచిన మండల, జిల్లా ప్రాదేశిక సభ్యులు స్థానిక సంస్థల స్థానమునకు ఓటర్లగుదురు. కాని ఖమ్మము ఉమ్మడి జిల్లా కంతటికిని అట్టి స్థాన మొక్కటే. పట్టణముల, మైదానముల ఓట్లతో అడవి ఓట్లు కలిసిపోవును.

పార్టీల బలాబలములందును ఈ భేదము కనబడును. భద్రాచలము శాసన సభా స్థానమున ప్రజలు 2014లో మార్క్సిస్టు పార్టీకి చెందిన సున్నం రాజయ్యను, 2018లో కాంగ్రెసుకు చెందిన పొదెం వీరయ్యను గెలిపించిరి. ఖమ్మము స్థానిక సంస్థల మండలి స్థానము మాత్రము 2015లో బాలసాని లక్ష్మీనారాయణకును, 2021లో తాతా మధుసూదన్‌కును దక్కెను. ఇరువురును నాటి పాలక పక్షమగు తెలంగాణ రాష్ట్ర సమితివారే. ఈ రెండు నియోజకవర్గముల విస్తీర్ణము వేరగుటచే వీనిని నేరుగ తూచరాదు. అయినను పరోక్షపు ఎన్నిక పాలక పక్షమువైపు మొగ్గినదనుట స్పష్టము. ఉపాధ్యాయ స్థానమున పార్టీలకంటె సంఘముల బలమే ముఖ్యము.

గిరిజనులు మండలిలో ప్రవేశింపలేదని కాదు. పొరుగు మహబూబాబాదు ప్రాంతపు సత్యవతి రాథోడ్ 2019లో శాసన సభ్యుల కోటాలో ఎన్నికై మంత్రి యయిరి. అది పార్టీ ఇచ్చిన అవకాశమేగాని, రాజ్యాంగ మిచ్చిన హక్కు కాదు. కావున భద్రాచల సీమకు మండలిలో ఓటు కలదు, నిశ్చితమగు స్థానము లేదు. మండలి చరిత్రను వ్రాయువారు పార్టీల అంకెలతో తృప్తిపడక, ఆ అంకెలలో చేరని జనులెవరో గూడ లెక్కింపవలయునని మా అభిప్రాయము.