వెల చీటీ లేని అంగడి

1851 మే 1వ తేదీన విక్టోరియా రాణి లండను నగరమందలి హైడ్ పార్కున ప్రారంభించిన మహాప్రదర్శనమునందు, సుమారు 14,000 మంది ప్రదర్శకులు తమ తమ వస్తువులను జోసెఫ్ పాక్స్టన్ రూపొందించిన గాజుమేడలో బారులు తీర్చి నిలిపిరి గాని, వానిలో నొక్కదానిమీదనైనను వెల వ్రాసి యుంచుటకు నిర్వాహకు లనుమతింపలేదు. వెల చెప్పకూడని యంగడికి వర్తకుడు చేతి సొమ్ము వెచ్చించి యేల రావలెనని సందేహము కలుగవచ్చును. అక్టోబరు నడుమ వరకు సాగిన యా యుత్సవమునకు టిక్కెట్టు కొని వచ్చినవారి లెక్క 60 లక్షలు. అంతటి జనసమ్మర్దమున తన పేరు నలుగురి నోట పడుటయు, నిజముగా సరకు కావలసినవాని చిరునామా తన పుస్తకమున కెక్కుటయు, ఇవియే యచటి రాబడి.

ఈ మర్మమును అందరికంటె బాగుగా గ్రహించినవారు, తొలిదినములలో అందరికంటె నవ్వులపాలైన యమెరికావారే. వారు నింపగలిగినదానికంటె విశాలమైన చోటు కోరి పుచ్చుకొని, చాలభాగము బోసిగా విడిచిరి. సైరస్ మెకార్మిక్ పంటకోత యంత్రమును టైమ్స్ పత్రిక సర్కసు రథముతోను తోపుడుబండితోను పోల్చి వెక్కిరించెను. అయితే జూలై మాసమున ఎసెక్సు ప్రాంతపు టిప్ట్రీ యను చోట, వానకు తడిసి యింకను పచ్చిగా నున్న గోధుమచేనిలోనికి దించగా, పోటీకి వచ్చిన యంత్రము మొరాయించినను మెకార్మిక్ యంత్రము చకచక కోసికొని పోయెను. పత్రిక స్వరము మారెను. అత్యున్నత పతకమును దానికే దక్కెను.

ఇంతకంటె రసవత్తరమైనది ఆల్ఫ్రెడ్ హాబ్స్ వృత్తాంతము. న్యూయార్కు కంపెనీ యొకదాని తాళమును ప్రదర్శింప వచ్చిన యితడు, తన తాళము మంచిదని చాటుటకు ముందు, ఆంగ్లేయులు నమ్ముకొన్న తాళములు చాలవని నిరూపింపబూనెను. చబ్ వారి 'డిటెక్టర్' తాళమునకు ఎదురులేదని ఆనాటి ప్రతీతి. మన కృష్ణాతీరపు కొల్లూరు గనిలో పుట్టినదని చెప్పుకొను కోహినూరునకు ఆ ప్రదర్శనమున భద్రమైన పంజరమును చేసి యిచ్చినదియు చబ్ వారే. చబ్ తాళ మొకదానిని హాబ్స్ సాక్షుల యెదుట 25 నిమిషములలో తెరచి, పిమ్మట పికడిల్లీలోని బ్రామా వారి దుకాణముపై దృష్టి సారించెను. తమ తాళమును తెరచినవానికి 200 గినీలు బహుమానమని ప్రకటించు పలక యొకటి యచటి కిటికీలో దశాబ్దములుగా నిలిచి, అడుగనెవ్వరును రాకపోవుటయే గొప్ప ప్రచారమై యుండెను. అతడు 16 దినములలో 51 గంటలు శ్రమించి దానిని తెరువగా, బ్రామా వారు ఆక్షేపించుచునే పైకము చెల్లించిరి. లండను పత్రికలన్నియు ఆ వివాదముతో నిండిపోయెను. వాదు ఎవరి పక్షమున సాగినను, హాబ్స్ పేరు మాత్రము ప్రతి బ్యాంకు యజమానికిని కంఠస్థమయ్యెను.

నేటి ఎగ్జిబిషన్లలో స్టాలు అద్దెకును రంగుదీపములకును వేలు కుమ్మరించి, విజిటింగ్ కార్డులు గంపెడు పోగుచేసి, ఇల్లు చేరిన పిమ్మట వానిని సొరుగున పడవైచి మరచువారిని చూచినప్పుడు, ఖర్చులో సగము అద్దెకుగాక నలుగురి యెదుట సరకు పరీక్షకును, తదుపరి ఉత్తరప్రత్యుత్తరములకును కేటాయింపవలసినదని నాకు తోచుచుండును. ఆ యమెరికావారు ప్రదర్శనము ముగియగానే మూట గట్టుకొని పోలేదు. ఆ ప్రదర్శకులలో నొకడైన శామ్యూల్ కోల్ట్ 1853లో థేమ్స్ నదియొడ్డున రివాల్వర్ల ఫ్యాక్టరీ తెరచెను. హాబ్స్ లండనులోనే తాళముల కంపెనీ స్థాపించి, ఆంగ్లేయులకే తాళములు చేసి యమ్మెను.