నిర్ణయ పుస్తకము: చెన్నపట్టణపు పాఠము

సుమారు మూడున్నర శతాబ్దములకు పూర్వము చెన్నపట్టణమున వర్తకము సాగించిన తెలుగువారిని గూర్చి మనకు నేడు తెలిసిన దానిలో పెద్దభాగము వారు స్వయముగా వ్రాసియుంచినది కాదు. కాశీ వీరన్న, బేరి తిమ్మన్న, పెద్ద వెంకటాద్రి మొదలగువారి ఒప్పందములును తగవులును ఈస్టిండియా కంపెనీవారి ఆలోచనసభల పుస్తకములందు మనకు గానవచ్చుచున్నవి. మన పెద్దల మాట పరుల కలమున నిలిచినది. పరులు తమ సభ కూడినప్పుడెల్ల నిర్ణయమును వ్రాసి దాచు అలవాటు గలవారగుటయే ఇందుకు కారణము.

సెయింట్ జార్జి కోటలో గవర్నరును సభ్యులును కూడి చేసిన ఆలోచనలు తేదీ వరుసను గ్రంథస్థములగుచుండెను. హాజరైనవారి పేర్లు, చర్చకు వచ్చిన విషయము, తుదకు చేసిన నిర్ణయము, క్రింద సభ్యుల చేవ్రాళ్లు – ఇదియే వాని పద్ధతి. 1678 మొదలు 1681 వరకు గవర్నరుగా నుండిన స్ట్రేన్‌షామ్ మాస్టరు లెక్కలను, దస్తావేజులను క్రమపరచుటయందు మిక్కిలి శ్రద్ధ వహించెను. 1672 నుండి లభించు సంపుటములను మదరాసు ప్రభుత్వము 1910 మొదలు అచ్చొత్తించినది. మచిలీపట్నపు కంపెనీ వర్తకశాలలోని 1682–83 నాటి పుస్తకము 1916లో వెలువడినది.

అయితే పుస్తకముండుట మాత్రమే చాలదు. అందు ఏది యెక్కవలెను, ఎవరు చేవ్రాలు చేయవలెను అను విషయము తేలనిచో ఎంతటి యనర్థము వాటిల్లునో 1776లో చెన్నపట్టణమే చూచినది. తంజావూరి వ్యవహారమున గవర్నరు పిగట్ ప్రభువునకును సభ్యులలో అధికసంఖ్యాకులకును విరోధము కలిగెను. తనకు సమ్మతముకాని తీర్మానమును సభ యెదుట పెట్టుటకు గవర్నరు నిరాకరించెను. గవర్నరు లేకయే ఉత్తరువు పంపవచ్చునని తలచి స్ట్రాటన్, బ్రూక్ అను సభ్యులిరువురు కాగితముపై చేవ్రాలు చేసిరి. పిగట్ వెంటనే వారిపై అభియోగము తెచ్చి, అభియుక్తులకు ఓటు లేదని త్రోసివేసి, తన నిర్ణాయకపు ఓటుతో వారిని తొలగించెను. ఆగస్టు 24వ తేదీన ప్రతిపక్షులు గవర్నరునే నిర్బంధించిరి. 1777 మే 11వ తేదీన ఆయన నిర్బంధమునందే మరణించెను. స్ట్రాటన్ మొదలగు నలుగురికి 1780లో లండను న్యాయస్థానము తలకొక వేయి పౌనుల జరిమానా విధించినది.

ఈ కలహమునకు వెనుక అప్పులు, స్వార్థములు పెక్కు గలవు. ఐనను రూపమున నిది అధ్యక్షుని యధికారమునకును, అధికసంఖ్యాకుల నిర్ణయమునకును గల హద్దును గూర్చిన తగవే.

నేటి మన కంపెనీల చట్టము (2013) ఈ హద్దులను కొంతవరకు గీచినది. 118వ విభాగము ప్రకారము సమావేశ వృత్తాంతము నిజమైన సంగ్రహముగా నుండవలెను. హాజరైన డైరెక్టర్ల పేర్లును, తీర్మానమునకు అసమ్మతి తెలిపినవారి పేర్లును అందు చేర్చవలెను. సభ ముగిసిన ముప్పది దినములలో వృత్తాంతము పుస్తకమున కెక్కవలెను. పుటలకు వరుస సంఖ్య లుండవలెను. వేరొక కాగితము నతికించరాదు. ఆ సభాధ్యక్షుడో, మరుసటి సభాధ్యక్షుడో చేవ్రాలు చేయవలెను. ప్రసంగములన్నియు మాటకు మాట వ్రాయనక్కరలేదు. పరువునష్టము కలిగించు మాటలను, అప్రస్తుతములను అధ్యక్షుడు విడిచిపెట్టవచ్చును. కాని అసమ్మతిని విడువరాదు.

ఇదంతయు పెద్ద కంపెనీల గొడవయని మనమూరకుండరాదు. నేనెరిగిన యొక పాఠశాలలో తెలుగు తరగతులు ఏ తీర్మానముచే, ఏనాడు ఆరంభమైనవో చూపుమని పై అధికారులు అడిగినప్పుడు కార్యవర్గము చేత పుస్తకము లేకపోయెను. ఒక పాత కార్యదర్శి యింట విడికాగితములు దొరకినవి; తేదీలు లేవు, చేవ్రాళ్లు లేవు. ఆ తరగతులలో చదివి ముదుసళ్లయిన వారు సాక్ష్యము చెప్పవలసివచ్చినది. వారును లేని నాడు చెప్పువారెవరు?

కనుక మన సంఘములన్నియు వరుస సంఖ్యలు గల పుస్తకము నొకదానిని ఉంచుకొనవలెను. సభకు వచ్చినవారిని, చేసిన నిర్ణయమును, దాని కారణమును, కాదన్నవారి పేర్లను అందు తెలుగున వ్రాయవలెను. మరుసటి సభలో చదివి చేవ్రాలు చేయవలెను. కార్యదర్శి మారినప్పుడు ఆ పుస్తకమును సభ యెదుట కొత్తవారికి ఒప్పగించవలెను. మన మనుమలు మన సంగతిని తెలిసికొనుటకు పరుల పుస్తకములు వెదకవలసిన దుర్గతి రాకుండుగాక!