ఈగ గొప్పదా, ఎర్ర గొప్పదా?

శంషాబాద్‌కు విమానాశ్రయం 2008లో వచ్చింది. నేను చెప్పబోయేది అంతకు చాలా ముందటి మాట. అప్పట్లో ఆ వైపు వెళ్ళడమంటే మాకు హిమాయత్ సాగర్ కట్టకు వెళ్ళడమే. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన తర్వాత, మళ్ళీ అలాంటి ఉపద్రవం రాకూడదని ఈసీ నదికి అడ్డకట్ట వేసి, 1927లో పూర్తిచేసిన జలాశయమది.

మా మేనమామ, ఆయన బావమరిది ఆదివారాలు గాలాలు పట్టుకుని అక్కడికి చేరేవారు. "కొర్రమట్టకు కప్పపిల్లనే వెయ్యాలె" అని మామ. "ఎర్ర ఉండంగ కప్పెందుకు బావా?" అని ఆయన. ఎర్ర అంటే వానపాము లెండి. ఈ తగవు పొద్దుగూకే దాకా తెగేది కాదు. ఒకనాడు ఎట్టకేలకు ఓ కొర్రమట్ట పడింది. ఇంట్లో అత్తయ్య దాన్ని కోసి, "కడుపుల కప్పా లేదు, ఎర్రా లేదు. అన్నీ చిన్న చాపలే!" అంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఇలాంటి తగవే ఇంగ్లండులో పెద్దమనుషుల మధ్య దాదాపు యాభై ఏళ్ళు నడిచిందంటే నమ్ముతారా? అక్కడ చేప ట్రౌట్. చల్లని ఏళ్ళలో బతికే జాతి. దానికి ఎర, ఈకలూ దారమూ చుట్టి కట్టిన బొమ్మ ఈగ. ఆ ఈగ నీటిపైన తేలుతూ ఉండాలనీ, పైకి లేచిన చేపను కళ్ళారా చూశాకే విసరాలనీ హాల్ఫోర్డ్ అనే ఆయన 1886 నుంచి పుస్తకాలు రాశాడు. ఆయన అభిప్రాయం కాస్తా శిష్యుల చేతిలో శాసనమైపోయింది.

స్క్యూస్ అనే న్యాయవాదికి ఇది నచ్చలేదు. పట్టిన చేప కడుపులో ఉన్నదాన్ని చెంచాతో తీసి, తెల్లని పళ్ళెంలో వేసి చూశాడు. అత్తయ్య పద్ధతే! రెక్కలు రాని పురుగులే ఎక్కువ కనిపించాయి. అంటే చేప ఎక్కువగా తినేది నీటి అడుగునే. మరి అక్కడికే ఎర పంపితే తప్పేమిటి? 1910లో ఆ మాటే పుస్తకంగా రాశాడు.

సాక్ష్యం చూపినా పెద్దలు కరగలేదు. 1938లో లండను క్లబ్బులో దీనిమీద చర్చ పెట్టారు. హాల్ఫోర్డ్ అప్పటికే పోయాడు. ఎనభయ్యో ఏట పడ్డ స్క్యూస్ ఆ ఏడాదే, యాభై ఏళ్ళకు పైగా వేటాడిన ఇచెన్ ఏటి ఒడ్డును వదిలిపెట్టాడు. ఈనాడు ఆయన పద్ధతిని లోకమంతా వాడుతోంది. ఆ ముసలాయనకు మాత్రం ఆ ఒడ్డు తిరిగి దక్కలేదు.

అభిప్రాయభేదం చెడ్డదేమీ కాదు. మామా బావమరిదీ అంత పోట్లాడుకున్నా, మరుసటి ఆదివారం ఒకే సైకిల్ మీద బయలుదేరేవారు. ఒకరి అభిప్రాయం మరొకరిని ఒడ్డు నుంచి తరిమేసిన రోజే చిక్కు. అసలు సంగతి తెలిసిన చేపను మాత్రం ఏ చర్చకూ ఎవరూ పిలవరు!