పెట్రోలు బంకుకెక్కని ఇప్పపువ్వు

1919లో లండన్‌లో ఒక సర్కారీ కమిటీ కూర్చుని లెక్కలు వేసింది. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. పెట్రోలు ఎంత అవసరమో, అది ఎంత దూరం నుంచి రావాలో దొరలకు బాగా తెలిసొచ్చింది. పెట్రోలుకు బదులు ఆల్కహాల్‌తో మోటార్లు నడపొచ్చా అన్నది కమిటీ ముందున్న ప్రశ్న. బంగాళాదుంపలు, బీట్‌దుంపలు, మొక్కజొన్నలు, చివరికి రంపపు పొట్టు దాకా అన్నీ తిరగేశాక వాళ్ల చూపు మన అడవుల మీద పడింది. హైదరాబాద్ సంస్థానం ఒక్కదాంట్లోనే ఉన్న ఇప్పచెట్ల నుంచి, అక్కడివాళ్లు తాగేదానికి సరిపోను తీసేయగా, ఏడాదికి ఇంకా 7 లక్షల గ్యాలన్ల సారా వస్తుందని నివేదికలో రాసుకున్నారు.

అక్కడివాళ్లు తాగేదానికి సరిపోను తీసేయగా! ఆ ముక్క దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ముందు మనవాళ్ల గొంతు తడవాలి, మిగిలింది మోటారు గొంతులో పోయాలి. ఇంత మర్యాద తెలిసిన ఇంధన విధానం ఇంకెక్కడైనా ఉందా అని దాని వెంటపడ్డాను.

తీరా చూస్తే ఈ కథకు ఒక కొస మన హైదరాబాద్ నారాయణగూడలోనే ఉంది. పక్కనున్న చిక్కడపల్లి అంటే త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్లు. అశోక్‌నగర్ అంటే గ్రూప్స్ కోచింగులు, జిరాక్స్ షాపులు, ఇరుకు హాస్టళ్లు. నారాయణగూడ అంటే మాత్రం ఎక్సైజు కాగితాల్లో దశాబ్దాలపాటు గవర్నమెంట్ డిస్టిలరీయే. సర్కారు నడిపిన డిస్టిలరీల్లో ఇదొకటి, కామారెడ్డిది ఇంకొకటి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఉన్నచోట మూడోది ఉండేది. దాని పేరే పవర్ ఆల్కహాల్ ఫ్యాక్టరీ. తాగడానికి రెండు, తోలడానికి ఒకటి అన్నమాట.

ఇంతకీ ఇప్పపువ్వులో ఏముంది? చక్కెర ఉంది. ఎండిన పువ్వు బరువులో దాదాపు సగం చక్కెరే. మార్చి, ఏప్రిల్‌లలో ఆకు రాలిన కొమ్మల నుంచి తెల్లవారుజామున పువ్వులు టపటపా రాలతాయి. ద్రాక్షపండంత లావు, లేత పసుపు, వేలితో నొక్కితే రసం. ఆదిలాబాద్ గోండు ఆడవాళ్లు ఎండ ముదరకముందే బుట్టలతో వెళ్లి ఏరుకొస్తారు. పువ్వు కనబడాలని చాలాచోట్ల ముందురోజే చెట్టు కింది ఎండుటాకుల్ని కాలుస్తారు. ఆ నిప్పు ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది. విత్తనం వేయని, నీళ్లు పెట్టని, ఎరువు చల్లని ఈ పంటకు కూడా ఇలా ఓ ఖర్చుంది. దొరల లెక్కలో టన్ను ఎండుపువ్వుకు 90 గ్యాలన్లు, అంటే సుమారు 400 లీటర్ల ఆల్కహాల్. ఈనాడు టన్ను బియ్యం నుంచి వచ్చేదానికి అదేమంత తక్కువ కాదు.

అయితే సారా తీసుకెళ్లి పెట్రోలులో పోస్తే బండి నడవదు. మామూలు బట్టీలో ఎన్నిసార్లు కాచినా ఆల్కహాల్ 95, 96 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నాలుగు శాతం నీరు దాన్ని వదిలిపెట్టదు. ఆ నీరు పెట్రోలులో కలవక ట్యాంకు అడుగుకు దిగుతుంది. దాన్ని వెళ్లగొట్టడానికి వేరే కెమిస్ట్రీ కావాలి. పవర్ ఆల్కహాల్ అంటే ఆ నీరు కూడా తీసేసిన సరుకు. తాగేవాడికి అక్కర్లేని శుద్ధి మోటారుకు కావాలి.

ఇక నాకు తగని మక్కువ ఉన్న కాలానికి వస్తాను. 1930లు, 40లు. 1931లో బ్రెజిల్ తాను దిగుమతి చేసుకునే పెట్రోలులో 5 శాతం ఆల్కహాల్ కలపాలని చట్టం చేసింది. మరుసటి ఏడాది, 1932 జూన్‌లో, నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ పెట్టింది. నేటి ఆర్టీసీకి అదే మూలపురుషుడు, మన క్రాస్‌రోడ్స్ పేరు వెనకున్నదీ ఆ ఆర్టీసీయే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో పెట్టిన థర్మల్ స్టేషన్ అప్పటికే బొగ్గు మండించి నగరానికి కరెంటు ఇస్తోంది. చెరువు నీళ్లు దాన్ని చల్లబరిచేవి. చిక్కడపల్లి నుంచి నడిచిపోయేంత దూరంలో బొగ్గుపొగ గొట్టాలుండేవంటే నేటి పిల్లలు నమ్మరు. 1990లలో ఆ స్టేషన్‌ను కూల్చేశారు. ఆసియాలోనే తొలి థర్మల్ స్టేషన్లలో ఒకటని గొప్పగా చెప్పుకొంటాం కానీ, గుర్తుకోసం ఒక గొట్టమైనా మిగుల్చుకోలేదు. థర్మల్ కేంద్రం ఎలా పనిచేస్తుందో, చెరువుకు ఏం చేస్తుందో పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి మ్యూజియం దొరికేదా?

రెండో ప్రపంచయుద్ధం వచ్చి పెట్రోలుకు రేషన్ పెట్టేసరికి తెలుగునాట బొగ్గుబస్సు రోడ్డెక్కింది. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ము, అందులో కట్టెబొగ్గు. బయల్దేరేముందు క్లీనరు చాలాసేపు చేతిపంకా తిప్పి నిప్పు రాజేయాలి. గాలి చాలీచాలకుండా బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువే గొట్టాల్లోంచి ఇంజనులోకి వెళ్లి మండేది. బలం మాత్రం పెట్రోలులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఎత్తు ఎక్కాల్సి వస్తే ప్రయాణికులు దిగి తోసేవారు. టికెట్టు కొన్నవాడే బస్సును నడిపించిన రోజులవి. వాసన, రంగు లేని ఆ వాయువు షెడ్డులో లీకైతే ప్రాణం తీస్తుంది. ఇక బొగ్గు ఎక్కడిది? అడవిదే. సముద్రాల అవతలి నుంచి రావలసిన నూనె ఆగిపోతే ఇక్కడ చెట్టు కూలింది.

సముద్రతీరం, చమురుబావి రెండూ లేని సంస్థానానికి సొంత ఇంధనం మీద ఆశ ఉండటం సహజం. 1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు మడ్డి, అంటే మొలాసిస్, పీపాలకొద్దీ మిగిలేది. దాన్నే ఆల్కహాల్ చేశారు. ఇప్పపువ్వు ఏరాలంటే వేల చేతులు కావాలి, మడ్డి అయితే గొట్టంలో అదే వస్తుంది. ఇప్పపువ్వు మోటారు కల అలా చెరకు చేతిలో ఓడిపోయింది.

ఓడిపోవడమే మంచిదైందేమో కూడా. లండన్ నివేదిక చెట్లను లెక్కపెట్టింది, చెట్టు కిందివాళ్లను తాగేవాళ్లుగా మాత్రమే లెక్కపెట్టింది. ఆ మినహాయింపు కూడా మర్యాద కోసం పెట్టింది కాకపోవచ్చు, సారా మీద వచ్చే ఆబ్కారీ ఆదాయం పోగూడదనే కావచ్చు. గోండులకు ఇప్పపువ్వు కరువులో కడుపు నింపే తిండి. ‘జల్, జంగల్, జమీన్’ అన్న కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. అదే అడవిలోని పువ్వును మోటార్లకు మళ్లించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

1948లో ఢిల్లీ పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. ఆ తర్వాతి డెబ్భై ఏడేళ్లను ఐదు వాక్యాల్లో ముగించొచ్చు. నూనె చవకైంది, ఆల్కహాల్ రసాయన పరిశ్రమకూ సీసాలకూ పోయింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం పుణ్యమా అని ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 2000లో ఆ పాత పవర్ ఆల్కహాల్ చట్టాన్ని పనికిరాదని రద్దుచేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 2003లో, ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలెట్టారు. 2025కల్లా అది 20 శాతమైంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే కాబట్టి, మైలేజీ తగ్గిందని బంకు దగ్గర వినబడే సణుగుడు ఉత్తినే పుట్టింది కాదు.

ఇప్పుడు పాత లెక్కను కొత్తదాని పక్కన పెట్టి చూద్దాం. 7 లక్షల గ్యాలన్ల సారాలో అసలు ఆల్కహాల్ సుమారు 18 లక్షల లీటర్లు. ఒక సంస్థానపు అడవులన్నీ ఏడాదంతా ఇచ్చేది, రోజుకు రెండు లక్షల లీటర్లు తీసే నేటి ఫ్యాక్టరీకి తొమ్మిది రోజుల పని. పువ్వులతో మన మోటార్ల ఆకలి తీరదు. అందుకే ధాన్యం మీద పడ్డాం. బియ్యం, నూకలు, మక్కలు. కిలో బియ్యం పండటానికి రెండు మూడు వేల లీటర్ల నీళ్లు, ఆ కిలోకు వచ్చే ఇథనాల్ అర లీటరుకు లోపే. మొక్క గాలిలోంచి పీల్చిన కార్బనే మళ్లీ గాలిలో కలుస్తుంది గనక ఇది శుద్ధ ఇంధనమని పాఠ్యపుస్తకం చెబుతుంది. బోరుమోటారుకు కరెంటిచ్చే బొగ్గు, పొలంలో చల్లే యూరియా ఆ పేజీలో కనబడవు.

మడ్డితో నడిచే డిస్టిలరీలోనైతే లీటరు ఆల్కహాల్‌కు పది లీటర్ల వరకు నల్లటి వ్యర్థజలం మిగులుతుంది. శుద్ధి చేయకుండా వాగులోకి వదిలితే అందులోని ప్రాణవాయువునంతా అదే మింగేస్తుంది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని హైవే మీద బైఠాయించింది ఇలాంటి భయంతోనే. చివరికి ప్రభుత్వం పనులు ఆపించింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో అంతకు ముందు ఏడాదే గొడవ జరిగింది. నగరంలో బండి పొగ తగ్గితే దాని మురికి ఇంకో ఊరి చెరువుకు చేరుతుందన్నది వాళ్ల వాదన. కాదనడానికి నా దగ్గర మాట లేదు.

ఇప్పచెట్టు పువ్వు ఇప్పటికీ రాలుతోంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దాంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ పువ్వుకు అంతకంటే గౌరవమైన వాడకం నాకు తోచడం లేదు.

చిక్కడపల్లి లైబ్రరీలో పర్యావరణం పేపరుకు నోట్సు రాసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. పెట్రోలులో కలపడానికే ఇథనాల్ తీసే ధాన్యపు డిస్టిలరీలను కేంద్రం 2021లో పర్యావరణ అనుమతుల నిబంధనల్లో బీ2 వర్గంలో చేర్చింది. అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. గ్రూప్-1లో ఇథనాల్ గురించి అడిగితే లాభాలన్నీ రాసి ఈ సంగతి కూడా రాయండి. రేపు కలెక్టరాఫీసులో అలాంటి ఫ్యాక్టరీ ఫైలు మీ బల్ల మీదికే వస్తుంది. చట్టం అడగమనకపోయినా, సంతకానికి ముందు ఊరిని అడగండి.