జావర్ కొలుముల్లో జింకు

రాజస్థాన్‌లో ఉదయపూర్‌కు దక్షిణాన ఉన్న జావర్ కొండల్లో శతాబ్దాల పాటు పెద్ద ఎత్తున జింకు తీశారు. ఇది తేలిగ్గా లొంగే లోహం కాదు. ఖనిజం నుంచి విడివడాలంటే సుమారు 1000 డిగ్రీల వేడి కావాలి. కానీ 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరికి గాలి తగిలితే మిగిలేది తెల్లని భస్మమే.

జావర్ పనివారి ఉపాయం నిజంగా అద్భుతం. కాల్చిన ఖనిజాన్ని వంకాయ ఆకారపు మట్టిమూసల్లో నింపి, మూతికి గొట్టం అమర్చి, ఒక్కో కొలిమిలో 36 మూసలను తలకిందులుగా నిలిపేవారు. సరుకు జారకుండా గొట్టంలో ఉంచిన పుల్ల వేడికి కాలిపోయి ఆవిరికి దారి ఇచ్చేది. మంట పైన, చల్లని అర కింద. ఆవిరి కిందికి దిగి లోహంగా మారేది.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ 1738లో పేటెంట్ పొందిన పద్ధతీ ఆవిరిని కిందికి దించేదే.