చిన్నాయన సైకిలూ, రేడియం లేని రేడియమూ

పోయిన ఆదివారం మీటింగులో, రాత్రి పాళీ నుంచి సైకిళ్ల మీద వచ్చే మనవాళ్ల బండ్లకు రేడియం స్టిక్కర్లు వేయిద్దామనే మాట వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "ముందు లారీవాళ్లకు కళ్లు తెప్పించండి, తర్వాత మాకు స్టిక్కర్లు అంటిద్దురు గాని" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన అన్న మాట మీద ఇంగ్లండులో తొంభై ఏళ్ల కిందటే పెద్ద కొట్లాట జరిగింది. అది రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు మా చిన్నాయన సంగతి. సోలాపూర్ పూర్వభాగ్‌లో ఒక కార్ఖానాలో చాదర్లు నేసేవాడు. ఎరుపు, నీలం, చిలకపచ్చ, రాణి రంగు... పగలంతా, రాత్రంతా ఆయన చేతుల కింద ఆ రంగులే. పాళీ దిగి ఇంటికొచ్చేది మాత్రం నల్ల సైకిలు మీద, మాసిన ముదురు చొక్కాతో. డైనమో ఉండేది, బల్బు మాడి ఎన్నాళ్లయిందో. నేను పదో తరగతిలో ఉండగా ఒక రాత్రి హైదరాబాద్ రోడ్డు మీద వెనక నుంచి లారీ గుద్దింది. ప్రాణం దక్కింది గాని, ఆ తర్వాత మగ్గం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. డ్రైవరు చెప్పింది ఒకే మాట: "కనపడలేదు." పెద్దమనుషుల పంచాయితీలో ఆ మాటతోనే తప్పు సగం చిన్నాయన నెత్తిన పడింది.

సైకిలు నల్లగా ఎందుకుండేది? 1885లో స్టార్లీ అనే ఆయన తెచ్చిన రోవర్ సైకిలు నుంచే మనకు తెలిసిన ఆకారం మొదలైంది. ఇనుముకు నల్ల ఎనామెల్ పూసి బట్టీలో కాలిస్తే గట్టిగా పట్టుకుంటుంది, తుప్పు పట్టదు, మురికి కనపడదు. పగలు తొక్కేవాడికి ఆ నలుపుతో పేచీ లేదు. మోటారు కార్లు పెరిగాక రాత్రిళ్లు పేచీ వచ్చింది.

1930లలో ఇంగ్లండులో సైకిలు వెనక ఎర్రదీపం తప్పనిసరి చేయాలనే ఒత్తిడి వచ్చినప్పుడు, 1878 నుంచీ ఉన్న సైక్లిస్టుల టూరింగ్ క్లబ్ అడ్డం తిరిగింది. వాళ్ల వాదన మన పెద్దాయన వాదనే. బరువైన బండి తోలేవాడు తన దీపానికి ఎంత దూరం కనపడుతుందో అంతలో ఆపుకోగలిగే వేగంతోనే పోవాలి. చూసే బాధ్యత వాడిది. వెనకదీపం తప్పనిసరి చేస్తే ఆ బాధ్యత గుద్దించుకునేవాడి మీదికి మారుతుందని వాళ్ల భయం. మధ్యేమార్గంగా వచ్చినవి వెనక మడ్‌గార్డు కొసన తెల్లరంగు, ఎర్ర రిఫ్లెక్టరు. 1939లో యుద్ధం వచ్చి ఊళ్లన్నీ చీకటి చేశాక ఇక వాదన నిలబడలేదు. ఫుట్‌పాత్ అంచులకూ, చెట్ల మొదళ్లకూ సున్నం కొట్టారు, సైకిలుకు వెనకదీపం తప్పనిసరి అయింది.

ఇప్పుడు మీ నాన్నగారి సైకిలు గుర్తు తెచ్చుకోండి. నల్ల మడ్‌గార్డు, చివర జానెడు తెలుపు, దాని మీద ఎర్ర బిళ్ల. స్వాతంత్ర్యం వచ్చాక అంబత్తూరులో టీఐ (1949), సోనీపత్‌లో అట్లాస్ (1951), లుధియానాలో హీరో (1956) మొదలైనప్పుడు మనకు వచ్చింది ఇంగ్లండు నమూనా సైకిలే. ఆ కొట్లాట సంగతి మనకు తెలియలేదు, తెల్లమచ్చ మాత్రం వచ్చింది. మా చిన్నాయన సైకిలుకూ ఆ మచ్చ ఉండేది. బురద పట్టి, పెచ్చులూడి, అడుగున నలుపు బయటపడింది.

మనం "రేడియం" అనే దాంట్లో రేడియం చుక్క కూడా లేదు. వెనకటికి గడియారం ముళ్లకు నిజంగానే రేడియం పూసేవారు, చీకట్లో వెలిగేది. అమెరికాలో ఆ రంగు వేసిన ఆడపిల్లలు కుంచె మొన పెదవులతో సన్నం చేసుకుంటూ ఆ విషం మింగి చనిపోయారు. ఆ పేరు మన వీధుల్లో మెరిసే ప్రతి స్టిక్కరుకూ అంటుకుంది. అసలు స్టిక్కరులో ఉండేవి సన్నటి గాజుపూసలు, లేదా అద్దపు మూలల్లాంటి నొక్కులు. దీపం వెలుగు ఎటు నుంచి వస్తే అటే తిప్పి కొడతాయి, అందుకే డ్రైవరు కంటికి భగ్గుమంటుంది. కొందరు సైకిలు వెనక పాత సీడీ కడతారు చూడండి, అది అద్దం లాంటిదే. కోణం కాస్త తప్పినా వెలుగు ఇంకెటో పోతుంది. నమ్మొద్దు.

మెరిసే నారింజ, నిమ్మపచ్చ రంగులది వేరే కథ. 1930లలో కాలిఫోర్నియాలో స్విట్జర్ అన్నదమ్ములు బాబ్, జో తయారుచేసిన ఫ్లోరోసెంట్ రంగులు ఎండలోని కంటికి కనపడని కిరణాలను పట్టి వెలుగుగా మారుస్తాయి. 1964లో గ్లాస్గోలో రైలు పట్టాల కూలీలకు ఆ నారింజ కోట్లు ఇచ్చారు. పగలూ, సాయంత్రం మసకలోనూ అవి బాగా పనిచేస్తాయి. ఎండే లేని రాత్రి ఏం చేస్తాయి? కాబట్టి నారింజ జాకెట్ ఇచ్చి చేతులు దులుపుకుంటే కాదు, దాని మీద వెండిపట్టీ ఉండాలి. పైగా ఆ రంగులు ఎండకు తొందరగా వెలుస్తాయి. కచ్చా రంగేదో పక్కా రంగేదో నేతగాళ్లకు నేను చెప్పాలా!

మన వీధుల్లో సైకిలుకు రంగు కంపెనీల కంటే ముందు కుర్రాళ్లే తెచ్చారు. స్పోకులకు రంగుపూసలు, హబ్బుకు కుచ్చు, హ్యాండిలుకు రిబ్బన్లు. పెద్దవాళ్లు "పెళ్లి గుర్రమా ఏంది" అని తిట్టేవాళ్లు. 1980లలో బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ లాంటివి వచ్చాక పిల్లలు రంగు చూసి సైకిలు కొనిపించుకున్నారు. కష్టం చేసేవాడి సైకిలు మాత్రం నల్లగానే మిగిలింది.

పెద్దాయనకు నా జవాబు ఇది. అయ్యా, మీరన్నది న్యాయం. గుద్దినవాడు "కనపడలేదు" అంటే చాలదని పంచాయితీలో గట్టిగా అనాలి, చిన్నాయన కోసం ఆ రోజు ఎవరూ అనలేదు. అలాగని పట్టీలు ఆపొద్దు. వెనక ఎరుపు, ముందు తెలుపు, పెడళ్లకు పసుపు, చక్రాల పక్కన రెండు. నారళి పూర్ణిమకు మార్కండేయ రథం బయల్దేరే లోపు అయిపోవాలని నా మనవి. ముందుగా చిన్నాయన సైకిలు తీసుకొస్తాను, ఇప్పుడు మా తమ్ముడు తొక్కుతున్నాడు. మడ్‌గార్డుకు నిన్ననే మళ్లీ తెల్లరంగు వేశాను, ఇంకా తడి ఆరలేదు.